చూడడమే ఆమె పెట్టిన పరీక్ష

యూకేజీ చదివే పిల్ల ఉన్న ఇంట్లో యూనిట్ టెస్టుల వారం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిదవుతుంది. పిల్ల కళ్లు మూతలు పడుతుంటాయి. అయినా ఇంకొక్కసారి అంటూ ఒకటి నుంచి యాభై దాకా రాయించకుండా వదలం. పొద్దున్న ఇంట్లో గడగడా అప్పజెప్పిన పిల్ల అక్కడ కాగితం చూసి బిక్కమొహం వేస్తుంది. సాయంత్రానికి పదికి నాలుగు! ఆ నాలుగు చూసి మన మొహం మాడుతుంది. మన మొహం చూసి పిల్ల మొహం చిన్నబోతుంది. ఇంతా చేసి, పిల్లకి అంకెలు వచ్చా రాదా అన్న సంగతి మాత్రం తేలనే తేలదు.

మరి పరీక్ష పెట్టకుండా పసివాళ్లకి ఏం వచ్చో తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్న పట్టుకుని యాభై ఏళ్లు తిరిగిన ఒకావిడ ఉన్నారు. ఆవిడ పేరు మన ఊళ్లలో బడి బోర్డుల మీద ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. ఆవిడే మరియా మాంటిస్సోరి. ఆ బోర్డు చూసి పిల్లల్ని చేర్పించిన మనలో, ఆవిడ డాక్టరు చదువు చదివారని, ఒక బిడ్డకి తల్లి అని, మన మద్రాసులో కూడా ఉండి వెళ్లారని తెలిసినవాళ్లు ఎంతమంది?

శవాల గదిలో ఒంటరిగా

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా పట్నం దగ్గర కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఒక్కతే కూతురు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు పద్ధతుల మనిషి. తల్లి రెనిల్డె బాగా చదువుకున్నావిడ, పుస్తకాలంటే ప్రాణం. 1875లో కాపురం రోమ్ నగరానికి మారింది.

ఆ రోజుల్లో ఆడపిల్ల చదివితే గిదివితే పంతులమ్మ కావాలి, అంతే. మరియాకి మాత్రం ఆ ఒక్కటీ వద్దనిపించింది! పదమూడో ఏట అబ్బాయిలతో పాటు టెక్నికల్ స్కూల్లో చేరి, ఇంజనీరు అవుతానన్నారు. తర్వాత ఆ ఊసు మానేసి డాక్టరునవుతానన్నారు. తండ్రికి అది బొత్తిగా నచ్చలేదు. తల్లి మాత్రం కూతురి పక్కనే నిలబడింది. ముందు సైన్సు చదివి, ఆపైన పట్టుబట్టి రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యంలో చేరారు.

చేరడం ఒక ఎత్తు, చదవడం ఇంకో ఎత్తు. మగపిల్లల మధ్య నిలబడి ఆడపిల్ల నగ్నంగా ఉన్న శవాన్ని చూడడం మర్యాద కాదన్నారు. అందుకని అందరూ వెళ్లిపోయాక, పొద్దుగూకిన తర్వాత ఆవిడ ఒక్కరే శవాల గదిలో కూర్చుని కోత పని నేర్చుకోవాల్సి వచ్చింది. అలా నెట్టుకొచ్చి 1896లో డాక్టరు పట్టా తీసుకున్నారు. ఇటలీలో వైద్యం చదివిన తొలితరం స్త్రీలలో ఆవిడొకరు. అదే ఏడు బెర్లిన్‌లో జరిగిన మహిళల మహాసభకి వెళ్లి, ఆడవాళ్లకి మగవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని మాట్లాడి వచ్చారు.

అందరూ మెచ్చుకున్న ఫలితం

డాక్టరయ్యాక విశ్వవిద్యాలయం వారి మానసిక చికిత్సాలయంలో పనిచేశారు. ఆ పని మీద పిచ్చాసుపత్రులకి తిరిగేవారు. అప్పట్లో బుద్ధిమాంద్యం ఉందనుకున్న పిల్లల్ని కూడా పెద్దవాళ్లతో పాటు అక్కడే పడేసేవారు. ఒక చోట కాపలా ఆవిడ, ఈ పిల్లలు తిండి అయ్యాక కూడా నేల మీద రొట్టె పొడి ఏరుకుంటారంటూ ఈసడించుకుందట. మరియా ఆ గది చుట్టూ చూశారు. గోడలు తప్ప అక్కడ ఏమీ లేదు. పట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు. ఆ పిల్లలకి ఆకలి వేసింది కడుపులో కాదు, చేతుల్లో అని ఆవిడకి తట్టింది.

అక్కడి నుంచి ఆవిడ దారే మారిపోయింది. ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అలాంటి పిల్లల చదువు గురించి రాసిన పుస్తకాలు వెతికి చదివారు. 1900లో రోమ్‌లో ఈ పిల్లల కోసం ఒక బడి తెరిచి, ఆవిడని, ఆవిడతో పనిచేసే డాక్టరు గియుసెప్పె మోంటెసానోని దానికి పెద్దలుగా పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలతో గడపడం, రాత్రి కూర్చుని చూసిందంతా రాసుకోవడం... ఇదే ఆవిడ దినచర్య. చేత్తో తడిమే అక్షరాలు, గుచ్చే పూసలు, అమర్చే కొయ్య ముక్కలు తయారు చేయించారు.

కొన్నాళ్లకి ఈ పిల్లల్లో కొందరు మామూలు బడిపిల్లలు రాసే ప్రభుత్వ పరీక్షకి కూర్చుని, వాళ్లతో సమానంగా ప్యాసయ్యారు. ఊరంతా వింతగా చెప్పుకుంది. పనికిరారనుకున్న పిల్లలు పరీక్ష గట్టెక్కడమంటే మాటలా!

ఇంకొకరైతే ఆ ఫలితాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకునేవారు. మరియాకి సంతోషం కంటే దిగులే ఎక్కువైంది. ఇన్ని లోపాలున్న పిల్లలు కాస్త సాయం అందితే ఇక్కడిదాకా వచ్చారు కదా, మరి ఏ లోపమూ లేని పిల్లలు వాళ్ల దగ్గరే ఎందుకు ఆగిపోయారు? ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని మామూలు బళ్లు ఎంతగా అణిచేస్తున్నాయో కదా అని ఆవిడ ఆలోచించారు. ఆ పరీక్ష రెండు రకాల పిల్లల్ని ఒకే గీత మీద నిలబెట్టింది. ఎవరు ఎక్కణ్ణించి బయల్దేరారో, ఎంత దూరం నడిచారో అది చెప్పలేదు. ఆవిడ అక్కడే ఆగిపోయి ఉంటే ఈనాడు మనకి ఆ పేరు తెలిసేది కాదు.

కన్నబిడ్డ పల్లెలో

ఈ కథలో ఒక ముల్లు ఉంది. 1898లో మరియాకి మోంటెసానో వల్ల మారియో పుట్టాడు. వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. పెళ్లికాని తల్లి అని తెలిస్తే ఉద్యోగం, పేరు రెండూ పోతాయి. అందుకని బిడ్డని ఒక పల్లెలో పెంపుడు కుటుంబం దగ్గర ఉంచారు. తర్వాత మోంటెసానో వేరే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. మరియా ఆ బడి వదిలేసి మళ్లీ విశ్వవిద్యాలయంలో చదువుకి చేరారు.

అప్పుడప్పుడూ వెళ్లి కొడుకుని చూసి వచ్చేవారు. ఫలానా నేను అమ్మనని చెప్పుకునే వీల్లేదు. పిల్లలు క్షణక్షణం ఎలా ఎదుగుతారో లోకానికి చూపించిన మనిషి, తన బిడ్డ తొలి అడుగు, తొలి మాట చూసుకోలేకపోయారు. దీన్ని తప్పనాలో, రాత అనాలో నాకు తెలియదు. ఆడదానికి ఆనాటి సమాజం పెట్టిన పరీక్ష మాత్రం అది. అందులో ఏ జవాబు రాసినా సున్నాయే.

పిల్లల ఇల్లు

రోమ్‌లో సాన్ లోరెంజో అని పేదలు ఉండే పేట. ఒక సంస్థ అక్కడి పాత ఇళ్లని బాగుచేసి అద్దెకిచ్చింది. తల్లులు, తండ్రులు పనుల్లోకి పోతే చిన్నపిల్లలు మెట్ల మీద ఆడుతూ కొత్త గోడలన్నీ పాడు చేసేవారు. సున్నాల ఖర్చు కంటే పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టడం చౌక అనుకున్నారు ఆ పెద్దమనుషులు. ఆ పని మరియాకి అప్పజెప్పారు. డాక్టరమ్మ పసిపిల్లల్ని ఆడించడమేమిటని కొందరు నవ్వారు కూడా.

అలా 1907 జనవరి 6న మొదటి పిల్లల ఇల్లు మొదలైంది. రెండు మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల లోపు పిల్లలు యాభై మంది పైచిలుకు. అదే మేడలో మకాం ఉండే పంతులమ్మ. తల్లులకి రెండు నియమాలు. పిల్లల్ని శుభ్రంగా పంపాలి. వారానికి ఒకసారైనా వచ్చి పిల్ల సంగతి పంతులమ్మతో మాట్లాడాలి. ఇంట్లో ఏం చేస్తోందో వీళ్లు చెప్పాలి, బడిలో ఏం చేస్తోందో ఆవిడ చెప్పాలి. ప్రోగ్రెస్ కార్డు అంటే అదే!

అక్కడ మూడేళ్ల పాప ఒకతె కొయ్య దిమ్మె ముందు కూర్చుంది. దిమ్మెలో వరసగా గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో కొలత కొయ్య ముక్క పడుతుంది. అన్నీ తీసి కలిపేసి మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాలి. పాప పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది. మరియా చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మిగతా పిల్లలచేత పాటలు పాడించారు. పాప తలెత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. దిమ్మెని ఒళ్లో పెట్టుకుని పని సాగించింది. నలభై సార్లకి పైగా చేసి, హాయిగా నిద్రలేచిన పిల్లలా నవ్వుకుంటూ ఆపేసింది.

ఎవరూ శభాష్ అనలేదు, ఎవరూ మార్కు వేయలేదు. పొరపాటు జరిగితే చెప్పేది కూడా పంతులమ్మ కాదు. ఒక ముక్క గుంటలో పట్టదు, లేదా చివరికి ఒకటి మిగిలిపోతుంది. తప్పు ఎక్కడుందో పాపే వెతుక్కుంటుంది. మాంటిస్సోరి సామాన్లలో కీలకం ఇదే. తప్పు పట్టే పని మనిషి నుంచి తీసి వస్తువుకి అప్పజెప్పారావిడ. కొయ్య ముక్క కోప్పడదు, పక్కింటి పిల్లతో పోల్చదు.

పంతులమ్మ పని ఏమిటి మరి?

చూడడం, రాసుకోవడం. ఏ పిల్ల ఏ వస్తువు ఎంచుకుంది, ఎంతసేపు చేసింది, ఎన్నిసార్లు చేసింది, ఎక్కడ విసుగుపడింది, ఎప్పుడు తోటిపిల్లకి సాయం చేసింది... ఇవన్నీ పుస్తకంలోకి ఎక్కుతాయి. డాక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, పిల్లల ఎత్తు, బరువు కూడా క్రమం తప్పకుండా కొలిచి రాయించేవారు. అంచేత ఆవిడ కొలతే వద్దన్నారనుకోవడం పొరపాటు. కొలవడానికి పిల్లని బెదరగొట్టవద్దన్నారు, అంతే.

కొత్త మాట నేర్పడానికి సెగాన్ నుంచి తీసుకున్న మూడు మెట్ల పద్ధతి ఒకటుంది. ఎరుపు, నీలం చూపించి వీటి పేర్లు ఇవీ అని చెప్పడం మొదటి మెట్టు. ఎరుపు ఇయ్యి, నీలం ఇయ్యి అని అడగడం రెండోది. ఇదేమిటి అని అడగడం మూడోది. నిజానికి రెండు, మూడు మెట్లు పరీక్షలే కదా! తేడా అంతా పిల్ల తప్పు చెప్పినప్పుడు తెలుస్తుంది. కాదు అనకూడదు, సరిదిద్దకూడదు. నవ్వుతూ ఆ ఆట అక్కడితో కట్టేసి ఇంకో రోజు మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. ఆ తప్పు చెప్పేదల్లా ఒక్కటే, పిల్ల ఇవాళ ఇంకా సిద్ధంగా లేదని. ఆ సమాచారం పంతులమ్మకి, శిక్ష పిల్లకి కాదు.

బహుమతుల సంగతీ అంతే. ఒక పిల్లవాడి మెళ్లో మంచి పతకం వేశారు. ఇంకొకణ్ణి అల్లరికి శిక్షగా కుర్చీలో కూర్చోబెట్టారు. పతకం ఉన్నవాడు తన పనికి అది అడ్డమొస్తోందని తీసి కుర్చీలో వాడికిచ్చేశాడు. వాడు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని తృప్తిగా కూర్చున్నాడు. శిక్ష వాడికి ఆనలేదు, పతకం వీడికి అక్కర్లేదు. మరియా రెండూ ఎత్తేశారు.

పరీక్ష లేకపోతే నేర్చుకున్నారని గ్యారంటీ ఏమిటంటారా? ఒకసారి ఎవరో రకరకాల ఆకారాల బిస్కెట్లు తెచ్చి పంచారు. పేదపిల్లలు, గబగబా తినేస్తారనుకుంటాం. వాళ్లు బిస్కెట్లు చేతిలో పెట్టుకుని, నాది గుండ్రం, నాది దీర్ఘచతురస్రం అని చెప్పుకుంటూ కూర్చున్నారు! ఇంకోసారి అర్జెంటీనా రాయబారి ముందు చెప్పకుండా బడి చూడడానికి వచ్చాడు. తీరా ఆరోజు సెలవు. మేడలోని పిల్లలే కాపలాదారుచేత తలుపు తీయించి, పంతులమ్మ లేకుండానే ఎవరి పని వాళ్లు చేసుకుంటూ చూపించారు. మన ఇన్‌స్పెక్షన్లు, వాటి ముందు వారం రోజుల రిహార్సళ్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

రాయడం కూడా అలాగే వచ్చింది. మనం పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి ఓంకారం దిద్దిస్తాం చూడండి, ఆవిడ గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలని వేలితో తడిమించేవారు. ఒక డిసెంబరు రోజున డాబా మీద ఎండలో కూర్చుని, ఒక అబ్బాయికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వేయమన్నారు. వేశాక, ఎవరూ అడక్కుండానే వాడు నేల మీద చెయ్యి అనే మాట రాశాడు. రాసి, తనకి రాయడం వచ్చేసిందని గంతులు వేశాడు. ఆ చుట్టుపక్కల పిల్లలంతా అదే వరస. ఏ తేదీన ఏ పిల్లకి రాయడం వస్తుందో ఎవరు చెప్పగలరు? తేదీ మనం పెడితే ఆ గంతు కనిపించదు.

లోకం ఇటు, ఆవిడ అటు

చిత్రమేమిటంటే సరిగ్గా ఆ కాలంలోనే, 1905లో, పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే అనే ఆయన సిమోన్ అనే డాక్టరుతో కలిసి పిల్లల తెలివి కొలిచే ప్రశ్నల పట్టిక తయారు చేశాడు. చదువులో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి ప్రత్యేకంగా సాయం చేయాలన్నదే ఆయన ఉద్దేశం కూడా. అది అమెరికా చేరి, 1916 నాటికి పిల్ల తెలివిని ఒక్క అంకెలో చెప్పే కొలతగా మారింది. అంకె చెప్పడం సులువు, పంచడం సులువు. పిల్లని చూస్తూ కూర్చోవడం కష్టం. లోకం దేనివైపు మొగ్గి ఉంటుందో చెప్పాలా?

అయినా మరియా పేరు ఖండాలు దాటింది. 1909లో పుస్తకం వేశారు. 1913లో అమెరికా వెళితే జనం విరగబడ్డారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడలతో తరగతి గది కట్టించారు. లోపల పిల్లలు తమ పనిలో, బయట జనం చూస్తూ. మరోపక్క విమర్శలూ వచ్చాయి. ఆ సామాన్లకి ఒకటే వాడుక ఉందని, పిల్లల ఊహకి చోటు లేదని అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1914లో పుస్తకమే రాశాడు. అక్కడ ఆవిడ జోరు తగ్గింది. స్వదేశంలో 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం అండ తీసుకున్న మాట కూడా దాచాల్సింది కాదు. ఆ పొత్తు చివరికి పొసగలేదు. 1934లో ఆవిడ ఇటలీ విడిచి వెళ్లారు, అక్కడి బళ్లు మూతపడ్డాయి. జర్మనీలో హిట్లర్ మనుషులూ ఆవిడ బళ్లు మూయించారు. స్పెయిన్‌లో ఉంటే 1936లో అంతర్యుద్ధం. అక్కణ్ణించి హాలండ్ చేరారు.

మద్రాసులో పుట్టినరోజు

1912 చివర మరియా తల్లి కన్నుమూశారు. ఆ తర్వాతే మారియో తల్లి దగ్గరికి చేరాడు. అప్పటికి పదిహేనేళ్లవాడు. తర్వాత నలభై ఏళ్లపాటు ఆవిడకి కుడిభుజం అతనే. అయినా నలుగురిలో మాత్రం మేనల్లుడనో, పెంపుడు కొడుకనో చెప్పుకునేవారు.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద తల్లీకొడుకులు మద్రాసు అడయారుకి వచ్చారు. పిలిచింది జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి. మన కోస్తా, సీమ జిల్లాలకి కూడా అప్పుడు మద్రాసే రాజధాని కదా. తాటాకు పందిళ్ల కింద దేశం నలుమూలల నుంచి వచ్చిన మూడు వందల మందికి ఆవిడ పాఠాలు చెప్పారు. ఆవిడ ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. అప్పటికే గుజరాత్‌లో గిజుభాయి బధేకా ఈ దారి పట్టి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం నడిపారు. ఆయన దివాస్వప్న మనకి తెలుగులో పగటికలగా వచ్చింది.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి బ్రిటిష్ వాళ్లకి వీళ్లు శత్రుదేశస్థులయ్యారు. మారియోని అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ఆవిడని అడయారు ఆవరణ దాటనివ్వలేదు. డెబ్బై ఏళ్ల వయసు, పరాయి భాష, పక్కన కొడుకు లేడు. ఆగస్టు 31న, ఆవిడ పుట్టినరోజునాడు, వైస్రాయి నుంచి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా ఆవిడ కొడుకుని ఆవిడకి తిరిగి ఇస్తున్నామని దాని సారాంశం. మారియోని కొడుకు అని నలుగురి ముందు అనడం అదే మొదటిసారని చెబుతారు. నలభై రెండేళ్లు నోరు దాటని మాట ఒక తంతి కాగితం మీద అచ్చయి వచ్చింది!

యుద్ధకాలంలో కొంతకాలం కొడైకెనాల్‌లో ఉండి చిన్న బడి నడిపారు. ఆకులు, పురుగులు, నాచు చూస్తూ పిల్లలు వేసే ప్రశ్నలే అక్కడి పాఠాలు. 1946లో వెళ్లి, మళ్లీ 1947లో వచ్చి 1949 దాకా ఇక్కడ తిరిగారు. ఆవిడ దగ్గర పాఠాలు విన్న మన దేశపు ఉపాధ్యాయులు వెయ్యికి పైనే. శాంతి బహుమతికి నోబెల్ సంఘం ముందు మూడేళ్లు ఆవిడ పేరు వెళ్లింది. 1952 మే 6న హాలండ్‌లో సముద్రం ఒడ్డునున్న నోర్డ్‌వైక్‌లో కన్నుమూశారు. పక్కన మారియో ఉన్నాడు.

బోర్డు మీద పేరు, లోపల పరీక్ష

ఇప్పుడు మన దగ్గర ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు పెట్టి, లోపల మూడేళ్ల పిల్లలకి ర్యాంకులు ఇచ్చే బళ్లూ ఉన్నాయి. 2022లో కేంద్రం తెచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక మాత్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి పరీక్షలు తగవని తేల్చింది. పిల్లల్ని గమనించడం, వాళ్లు చేసిన బొమ్మలు, రాతలు చూడడం ఈ రెండే దారులంది. నూరేళ్ల కిందట సాన్ లోరెంజోలో మొదలైన మాటే అది. కాగితం మీదికి వచ్చింది, తరగతి గదిలోకి రావాలి. యాభై మంది పిల్లల్ని ఒక్క టీచరుకి అప్పజెప్పి, పైన పోర్షను పూర్తి చేయమంటే ఆవిడ మాత్రం ఎవరినని చూస్తుంది? అందుకని అడగాల్సింది టీచర్ని ఒక్కర్నే కాదు.

మన చేతిలో ఉన్నది మనం చేయొచ్చు. ఒక పాత నోటుపుస్తకం తీసి ఈ వారం పిల్ల తనంతట తాను ఏం చేసిందో రోజుకి రెండు ముక్కలు రాసి చూడండి. పప్పు డబ్బాల మూతలు దేనిది దానికి పెట్టిందా? మెట్లెక్కుతూ లెక్కపెట్టిందా? తమ్ముడికి బిస్కెట్టు సగం చేసి ఇచ్చిందా? ఈసారి బడిలో పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కులెన్ని అని కాక, మా పిల్ల ఇక్కడ ఎక్కువసేపు దేనిమీద కూర్చుంటుందండీ అని టీచరమ్మని అడగండి. ఆవిడ జవాబు చెప్పగలిగిందంటే, బోర్డు మీద ఏ పేరున్నా అది పిల్లల ఇల్లే.